బ్యాటరీ చల్లారేదాకా

"ఇంకా కాలేదు," అంది న్యా బాసిలియా.

ఆమె అన్నది మనిషితో కాదు, బల్ల మీద టైల్ ముక్కపై పడుకోబెట్టిన బ్యాటరీతో. ఎడమచెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ళ కణుపులు దానికి ఆనించి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు కాసేపు ఆగి, చెయ్యి తీసేసింది. టేబుల్ ఫ్యాన్ ముఖం కాస్త ఇటు తిప్పింది. తర్వాత వంటగట్టు దగ్గరికి వెళ్ళి నూనె మూకుట్లో ఎంపనాదాలు తిరగేసింది. మాంసం కూరిన ఆ కజ్జికాయలు ఒకవైపు ఎర్రగా వేగాయి. వాటిని చిల్లుల గరిటెతో తీసి కాగితం మీద వేసి, చేతులు తుడుచుకుని మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది. శనివారాలు ఆమె బతుకంతా ఈ నడకే. మూకుడు దగ్గర వేడి ఉండాలి, బల్ల దగ్గర ఉండకూడదు.

మా కపియతా ఊరి చివర, పెద్ద రోడ్డు దాటాక, ఎర్రమట్టి దిబ్బలు పోసి మెలికలు తిప్పి కట్టిన రిమోట్ కార్ల మైదానం ఉంది. శనివారం వస్తే చాలు, మీసాలు నెరిసిన మగవాళ్ళంతా మూరెడైనా లేని కార్లు చంకన పెట్టుకుని దిగిపోతారు. పెళ్ళాలు నవ్వుతారు. నవ్వనీ, తాగి తందనాలాడేకంటే ఇది నయం అని వాళ్ళూ ఒప్పుకుంటారు. మైదానానికి కరెంటు తీగ ఒక్కటే. అది రేకుల కప్పున్న బాసిలియా క్యాంటీన్‌లోకి వస్తుంది. కాబట్టి చచ్చినట్టు బ్యాటరీలన్నీ అక్కడికే రావాలి.

మొదట్లో ఎవరి ఇష్టం వాళ్ళది. తన బండి వెనక సీటు మీద, ఎండలో, తువ్వాలు పరిచి బ్యాటరీ చార్జింగ్ పెట్టుకున్నాడు ఒక మహానుభావుడు. సీటు కాలింది, తువ్వాలు కాలింది, బండి సగం కాలింది. దాంతో క్లబ్బు పెద్ద ఓస్వాల్దో ఇక మీదట చార్జింగ్ అంతా క్యాంటీన్ బల్ల మీదే అని మైకులో చాటించాడు. "పిండి పిసికేదాన్ని నాకెందుకయ్యా ఈ తద్దినం?" అని బాసిలియా మొత్తుకుంది గానీ ఎవరూ చెవిన వేసుకోలేదు. మందుల షాపు నడిపే చమోరో పక్కన కూర్చుని, చార్జర్ మీద ఏ అంకె పెట్టాలో, ఏ తీగ ఎక్కడ తగిలించాలో ఓపిగ్గా చూపించాడు. మిగిలింది ఆమె చేతులు నేర్చుకున్నాయి.

ఆ చేతులకి వేడి కొత్త కాదు. పెళ్ళికి ముందు నుంచీ ఆమె ఇస్త్రీ పని చేసింది, బొగ్గుల పెట్టెతో. పెట్టెని చెంప దగ్గరగా పట్టుకుని, ఇది పట్టుచొక్కాకి పనికొస్తుందా, దుప్పటికి పనికొస్తుందా చెప్పేది. ముంజేతుల మీద పాత వాతలు ఇప్పటికీ ఉన్నాయి. మొగుడు ఇటుకల పనికని బ్వేనొస్ ఐరెస్ వెళ్ళి, అక్కడే ఇంకో ఇంట్లో తేలాడు. ఆమె ఏడవాల్సినంత ఏడ్చి, ఊరుకుని, ఈ క్యాంటీన్ పెట్టుకుంది. పొట్టి మనిషి, కాస్త లావు. నెరిసిన జడ ముడేసి పైకి గుచ్చుతుంది. నడిచేటప్పుడు కుడికాలి చెప్పు టపటపమంటుంది.

కారులోంచి తీసిన బ్యాటరీ ఒళ్ళు కాలుతూ వస్తుంది. అది చల్లారేదాకా చార్జర్‌కి తగిలించదు బాసిలియా. ప్రెసిడెంటు వచ్చినా తగిలించదు. వేడి మీద వేడి ఎక్కితే లోపల గాలి పుట్టి ఉబ్బుతుంది, ఉబ్బితే అంటుకుంటుంది. చల్లారాక కూడా తొందర పనికిరాదు, దాని ఒంటి మీద అచ్చేసిన అంకెకి మించకుండా నిదానంగా ఎక్కించాలి. కింద గుడ్డ పరచకూడదు. చార్జర్ గాలిరంధ్రాలకి చొక్కా తగిలించకూడదు. అన్నిటికన్నా ముందు, తగిలించి వదిలేసి వెళ్ళిపోకూడదు. బల్ల కింద ఒక బకెట్టు నిండా పొడి ఇసుక ఉంటుంది, పక్కనే పొడుగాటి పట్టకారు. వాటితో ఇప్పటిదాకా పని పడలేదు. అదే ఆమెకున్న గర్వం.

మైదానం జనం ఆ బల్లకి ఆసుపత్రి అని పేరు పెట్టారు. "మా పేషెంటు ఎలా ఉన్నాడు న్యా బాసిలియా?" అని కేకేస్తారు. న్యా అనేది మా దగ్గర పెద్దావిడలని పిలిచే మర్యాద. "జ్వరం తగ్గలేదు, పో, ఒక చీపా తిని రా," అంటుంది ఆమె. కర్రపెండలం పిండి, చీజు కలిపి కాల్చిన చీపా అలా చాలా అమ్ముడుపోతుంది. క్యాంటీన్ లాభం కోసమే బ్యాటరీలు ఆలస్యంగా చల్లారుస్తోందని చెవులు కొరుక్కునేవాళ్ళు కూడా ఉన్నారు.

ఇంతకీ నాలుగో టైల్ మీదున్న బ్యాటరీ దోన్ ఎలీహియోది.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయిన మనిషి. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ మడత చెడని పొట్టిచేతుల చొక్కాతో, ఎవరైనా టిక్కెట్టు అడుగుతారేమో అన్నట్టు నిటారుగా కూర్చుంటాడు. అందరికీ మూడేసి, నాలుగేసి బ్యాటరీలు. ఒకటి వేడెక్కితే ఇంకోటి తగిలించుకుని పరిగెడతారు. దోన్ ఎలీహియోకి ఎప్పుడూ ఒక్కటే. పాతది పాడైతే కొత్తది వస్తుంది, పక్కన రెండోది మాత్రం ఉండదు. అందుకని ఒక్కో పందెం అయ్యాక బ్యాటరీ తీసుకొచ్చి టైల్ మీద పెట్టి, బల్ల పక్క పొట్టి బెంచీ మీద కూర్చుంటాడు. చల్లారేదాకా ఒక కూర్చోవడం, చార్జింగ్ ఎక్కేదాకా ఇంకో కూర్చోవడం. ఈలోగా రెండు పందేలు ఎగిరిపోతాయి. పిసినారి అని అందరూ ఆటపట్టిస్తారు. ఆయన నవ్వి, యెర్బా ఆకు మీద ఐసునీళ్ళు పోసిన మా చల్లటి టీ, తెరెరే తాగుతాడు.

ఆ కూర్చోవడాల్లో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది కూడా లేదు. వాన సంగతి, కోళ్ళ సంగతి, బస్సు నడిపేటప్పుడు ఎక్కిన విచిత్రమైన ప్రయాణికుల సంగతి. ఒకసారి ఒకావిడ పెళ్ళి కేకు ఒళ్ళో పెట్టుకుని ఎక్కిందట, ఆయన ఊరంతా గుంటలు తప్పిస్తూ నత్తలా నడిపాడట. ఆ కథ బాసిలియా చాలాసార్లు విన్నది. ప్రతిసారీ కేకుకి ఏమైందని అడుగుతుంది.

ఈ శనివారం ఆయనకి ఆఖరిది. కళ్ళు పాడయ్యాయి. దూరపు మలుపులో కారు కనపడదు, చెవితో విని, అలవాటు మీద తిప్పుతున్నాడు. ఎంకర్నసియోన్‌లో చెల్లెలు ఉంది, ఆమె ఇంట్లో గది ఖాళీగా ఉంది, కంటి డాక్టరూ అక్కడే. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతున్నాడు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తడం లేదు.

దేవుడికి ఏం బుద్ధి పుట్టిందో, ఎప్పుడూ చివర్లో తిరిగే మనిషి ఈరోజు సెమీఫైనల్లో గట్టెక్కాడు. ముందున్న రెండు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని బోర్లాపడ్డాయి. ఇంకోదాని చక్రం ఊడింది. మధ్యలోంచి దోన్ ఎలీహియో నీలం కారు తాపీగా, స్టాపుల్లో ఆగుతూ వచ్చిన బస్సులా వచ్చి గీత దాటింది. జనం చప్పట్లు కొట్టారు. ఓస్వాల్దో మైకులో ఆయన పేరు రెండుసార్లు చదివాడు. జీవితంలో మొదటిసారి ఫైనల్. అదే ఆఖరిసారి కూడా.

బ్యాటరీ రెండు చేతుల్లో పట్టుకుని ఆయన క్యాంటీన్‌లోకి వచ్చాడు.

"ఇదిగో న్యా బాసిలియా. ఒళ్ళంతా కాలిపోతోంది పాపం."

"మీరు దీన్ని తరిమిన తరుముడుకి కాలదా మరి? అక్కడ పెట్టండి. ముట్టుకోకండి."

"ఫైనల్‌కి అందుతుందంటారా?"

"ఎందుకందదు? సాయంత్రం కదా ఫైనల్. మీరు కూర్చోండి. చీపా వేడిగా ఉంది."

పైకి అలా అంది గానీ లోపల ఆమెకి కాలు నిలవడం లేదు. ఈ ఒక్కసారి ఆయన ఫైనల్లో పరిగెత్తాలి. గెలవక్కర్లేదు. ఆ ఎర్రమట్టి మీద, అందరి మధ్యా ఆ నీలం కారు తిరగాలి, ఆయన రిమోట్ పట్టుకుని నడిపేవాళ్ళ ఎత్తు వేదిక మీద నిలబడాలి. ఇన్నాళ్ళూ ఆయన కోసం ఆమె చేసింది ఒక బ్యాటరీ చల్లార్చి ఇవ్వడమే. పోయేవాడికి ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంకేముంది గనక. ఆ ఇచ్చేదేదో సరిగ్గా ఇవ్వాలనుకుంది.

మిట్టమధ్యాహ్నం దాటేసరికి దక్షిణం వైపు ఆకాశం నల్లబడింది. గాలి స్తంభించి, రేకుల కింద ఉక్క ఊపిరాడనివ్వలేదు. అందరూ ఆకాశం వంకా ఓస్వాల్దో వంకా చూడడం మొదలుపెట్టారు. చివరికి మైకు గరగరలాడింది. వాన ముంచుకొస్తోంది కాబట్టి ఫైనల్ ముందుకి జరుపుతున్నాం, కార్లు సిద్ధం చేసుకోండి అని ప్రకటన.

బాసిలియా వెళ్ళి బ్యాటరీ మీద చెయ్యి పెట్టింది. ఇంకా వేడే.

"ఎలా ఉంది?" అన్నాడు దోన్ ఎలీహియో బెంచీ మీంచి.

"తగ్గుతోంది," అంది. అబద్ధం. ఈ ఉక్కలో ఫ్యాన్ కూడా వేడిగాలే విసురుతోంది.

అంతలో నలుగురైదుగురు ఒక్కసారి వచ్చి పడ్డారు, వాన వచ్చేలోపల ఎంపనాదాలు తిని వెళ్దామని. ఆమె మూకుడు దగ్గరికి పరిగెత్తింది. దోన్ ఎలీహియో కారు చక్రాలు తుడుచుకోవడానికి బయటికి వెళ్ళాడు. అదిగో, అప్పుడు వచ్చాడు చమోరో.

చమోరో మంచివాడు. మంచితనం మితిమీరినప్పుడే మనిషి ఇలాంటి పనులు చేస్తాడు. ముసలాయన చివరి పందెం పోతుందేమోనని అతని ప్రాణం కొట్టుకుంటోంది. మా దగ్గర వేడికి మందు ఒక్కటే, తెరెరే ఐసు. తలకి బొప్పి కట్టినా ఐసే, బండి ఇంజను కాగినా ఐసే, మొగుడూపెళ్ళాలు పోట్లాడుకున్నా ఐసు వేసిన ఒక కొమ్ముగ్లాసుడు తెరెరే. పైగా చమోరోది మందుల షాపు. జ్వరానికి తడిగుడ్డ వెయ్యమని రోజూ పదిమందికి చెప్పే నోరు. క్యాంటీన్ మూల ఐసు బకెట్టులో తువ్వాలు ముంచి, పిండి, బ్యాటరీని అందులో చుట్టి, పైన ఇంత ఐసు పోసి పట్టుకున్నాడు. కాసేపయ్యాక విప్పి, చొక్కాతో తుడిచి, మళ్ళీ నాలుగో టైల్ మీద యథాప్రకారం పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా చేసిన సాయమే గొప్పదని అతని నమ్మకం.

బాసిలియా తిరిగొచ్చి చెయ్యి ఆనించింది. చల్లగా ఉంది.

ఇంత త్వరగానా? చెయ్యి తీసి మళ్ళీ పెట్టింది. చల్లగానే ఉంది. ఇంకో శనివారమైతే, ఇంకొకళ్ళ బ్యాటరీ అయితే, ఆమె అనుమానపడేది. తిప్పి చూసేది. అంచున అంటుకున్న తడి యెర్బా ఆకు ముక్క కళ్ళబడేది. ఈరోజు ఆమెకి చల్లగా ఉండడమే కావాలి, కాబట్టి నమ్మింది. నమ్మి ఊరుకోలేదు. చల్లగా ఉంది కదా, టైము లేదు కదా అని, ఎన్నడూ చేయని పని, చార్జర్ మీద అంకె పెంచి మరీ తగిలించింది.

పైన ఎంత చల్లబడితే ఏం, లోపలి వేడి లోపలే ఉంది. ఇస్త్రీపెట్టె మీద నీళ్ళు చల్లితే లోపలి బొగ్గులు ఆరవని ఆమెకి తెలియదా? తెలుసు. చెప్పాను కదా, ఈరోజు ఆమెకి తెలిసినవేవీ పనిచేయలేదు.

మొదట వాసన వచ్చింది. తియ్యటి, ముక్కుపుటాలకి అంటుకునే వాసన. తర్వాత చూస్తే బ్యాటరీ పక్కలు పిండి పొంగినట్టు ఉబ్బి ఉన్నాయి. ఆమె అరవలేదు. చార్జర్ ఆపి, తీగ పీకి, పట్టకారుతో బ్యాటరీని పట్టుకుని, ఇంకో చేత్తో బకెట్టు లాక్కుంటూ బయటికి నడిచింది. "తప్పుకోండి," అంది ఒకే ఒక్క మాట. ఆ గొంతు విని మీసాలవాళ్ళంతా పక్కకి జరిగారు. క్యాంటీన్‌కి దూరంగా, గడ్డి లేని చోట బకెట్టు దింపి, బ్యాటరీని ఇసుకలో పడేసి, పిడికిళ్ళతో ఇసుక తోడి కప్పింది. ఇసుకలోంచి బుస్సుమంటూ తెల్లటి పొగ లేచింది. కాసేపు లేచి, ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆమె అక్కడే గొంతుక్కూర్చుండిపోయింది. చేతులకి ఇసుక.

చమోరో పాలిపోయిన ముఖంతో వచ్చాడు. "న్యా బాసిలియా... నేనే. ఐసులో పెట్టాను. త్వరగా చల్లారుతుందనుకున్నాను."

ఆమె తలెత్తి అతన్ని చూసింది. తిట్టడానికి నోరు తెరిచింది గానీ అతని కళ్ళలో నీళ్ళు చూసి మూసేసింది.

"అంకె పెంచింది నేను," అంది. "నువ్వు కాదు."

ఓస్వాల్దో పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఎవరి తప్పు?"

"నాదే," అంది బాసిలియా. "తొందరపడ్డాను."

"మీరా?" అన్నాడు ఓస్వాల్దో. మళ్ళీ మైకు వైపు నడిచాడు. తిట్టి ఉంటే ఆమెకి కొంచెం నయంగా ఉండేది.

దోన్ ఎలీహియో కారు చంకన పెట్టుకుని వచ్చి, చేతిలోని పనిముట్ల పెట్టె కాళ్ళ దగ్గర దింపి, ఇసుక బకెట్టులోకి తొంగి చూశాడు. కళ్ళు కనపడవు కదా, బాగా వంగి చూశాడు.

"పోయిందా?"

"పోయింది," అంది ఆమె.

"నా బ్యాటరీ తీసుకోండి," అన్నాడు వెంటనే చమోరో. ఇంకో ఇద్దరూ తమవి ఇస్తామన్నారు. కానీ దోన్ ఎలీహియో కారుది పాతకాలపు ప్లగ్గు, ఇప్పుడు మైదానంలో ఇంకెవరికీ లేదు. మార్చి ఇస్తానని చమోరో చాలాసార్లు వెంటపడ్డాడు. నాకిదే బాగుందని ముసలాయన వినలేదు. "ఇప్పుడు అతికిస్తాను, ఎంతసేపు," అని చమోరో పనిముట్ల కోసం పరిగెత్తబోతే, దోన్ ఎలీహియో అతని భుజం పట్టుకుని ఆపాడు.

"వాన వస్తోంది. నీ కారు ఫైనల్లో ఉంది కదా. వెళ్ళు. నువ్వు పరిగెత్తు."

అందరూ వెళ్ళారు. మైకు మోగింది. కార్లు గుంయ్‌మని లేచాయి. క్యాంటీన్లో ఒక్కరంటే ఒక్కరు లేరు. బాసిలియా లోపలికొచ్చి చేతులు కడుక్కుని, పొయ్యి కట్టేసింది. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచింది. దోన్ ఎలీహియో తన పొట్టి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"మీ ఆఖరి పందెం నా చేతుల్లో కాలిపోయింది," అంది, అటు తిరగకుండానే. "ఇన్నేళ్ళలో ఒక్కటి పోలేదు. పోయినది మీదే అవ్వాలా."

"పోతే పోయింది. ఇలా వచ్చి కూర్చో, బాసిలియా."

న్యా లేకుండా ఆయన ఆ పేరు పిలవడం అదే మొదటిసారి. ఆమె గుడ్డ చేత్తోనే పట్టుకుని నిలబడింది.

"గట్టు తుడవాలి."

"తుడిచావు. చూశాను. నేను ఇక్కడ కూర్చున్నన్నాళ్ళూ నువ్వు నిలబడే ఉన్నావు. ఇప్పుడు తినేవాళ్ళు కూడా ఎవరూ లేరు. కూర్చో."

ఆమె వచ్చి కూర్చుంది. బెంచీ ఇద్దరికీ చిన్నది. మోచేతులు తగిలాయి. ఆయన జరగలేదు, ఆమె కూడా జరగలేదు.

తెరెరే ఆమే పోసింది. కొమ్ముగ్లాసులో యెర్బా ఆకు, మీద ఫ్లాస్కులోంచి ఐసునీళ్ళు, పుదీనాతో నలగ్గొట్టిన నిమ్మగడ్డి. మొదటిది తను తాగి, రెండోది నింపి ఆయనకిచ్చింది. ఒకే గొట్టం. ఆయన నిదానంగా పీల్చి, గ్లాసు వెనక్కి ఇచ్చాడు. మళ్ళీ తను, మళ్ళీ ఆయన. బయట కార్ల మోత, ఓస్వాల్దో కేకలు, జనం ఓహో అనడం. దోన్ ఎలీహియో చెవి అటు పెట్టి విన్నాడు.

"చమోరో రెండో మలుపులో జారాడు," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"మోత తెగింది." కాసేపాగి, "లేచాడు," అన్నాడు.

రేకుల మీద మొదటి చినుకులు పెద్ద పెద్దగా పడ్డాయి. మట్టివాసన లోపలికొచ్చింది. ఉక్క తగ్గి, ఆమె మెడ మీద చెమట చల్లబడింది.

"మీకు బాధగా లేదా?" అంది. "నిజం చెప్పండి."

"ఉంది," అన్నాడు. "పందెం గురించి కాదు."

ఆమె దేని గురించి అని అడగలేదు. అడగాలనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత వయసొచ్చాక, సాయంత్రం బస్సెక్కిపోయే మనిషిని ఏమడిగి ఏం లాభం అనుకుంది. తీరా ఆమె అడిగింది ఇది: "ఆ కేకుకి ఏమైందన్నారు?"

ఆయన నవ్వాడు. "ఒక్క పువ్వు కూడా చెదరలేదు. నా బస్సులో."

వాన ఊపందుకుంది. మైదానం కనపడకుండా పోయింది. పందెం ఎవరు గెలిచారో వాళ్ళిద్దరూ పట్టించుకోలేదు. జనం తడుస్తూ బండ్లలోకి పరుగులు తీశారు. ఆమె గ్లాసు నింపుతూనే ఉంది. ఆకు సారం పోయి, చివరికి వట్టి చల్లనీళ్ళ రుచే మిగిలింది. అయినా నింపింది, అయినా తాగాడు.

మా దగ్గర తెరెరే తాగేటప్పుడు గ్లాసు ఇచ్చినవాళ్ళకి థాంక్స్ చెప్పరు. చెప్పకుండా వెనక్కి ఇస్తే ఇంకోటి పొయ్యమని. గ్రాసియాస్ అన్నారంటే ఇక చాలు, నాకు పొయ్యొద్దు అని. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

వాన సన్నబడి, రోడ్డు మీద బస్సు దీపాలు వెలగడం మొదలయ్యాక, దోన్ ఎలీహియో గ్లాసు ఖాళీ చేసి ఆమె చేతిలో పెట్టాడు. చెయ్యి వెంటనే తియ్యలేదు.

"గ్రాసియాస్, బాసిలియా," అన్నాడు.

ఆమె తలూపింది. గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది. ఆయన లేచి, చొక్కా మడత సర్దుకుని, టోపీ పెట్టుకున్నాడు. కారూ, రిమోటూ, పనిముట్ల పెట్టె కూడా చమోరోకి ఇచ్చేయమని చెప్పాడు. చేతిసంచీ ఒక్కటే తీసుకున్నాడు. బురదలో జాగ్రత్తగా, ఒక్కో అడుగు వెతుక్కుంటూ రోడ్డు దాకా నడిచాడు. ఆమె రేకుల చూరు కింద నిలబడి చూసింది. ఎంకర్నసియోన్ బస్సు వచ్చి ఆగింది. మెట్టెక్కేటప్పుడు డ్రైవరుతో ఏదో అన్నాడు, డ్రైవరు నవ్వాడు. బస్సు కదిలింది.

చార్జర్లన్నీ ఆపి, తీగలు చుట్టి, టైల్ ముక్కలు ఒక్కొక్కటే తుడుస్తుంటే చమోరో వచ్చాడు, తలంతా తడిసి. పనిముట్ల పెట్టె తెరిచి చూసుకున్నాడట. చేతిలో ఏదో పట్టుకుని ఉన్నాడు.

"న్యా బాసిలియా, ఇది చూడండి. పెట్టె అడుగున, ఫ్లానెల్ గుడ్డలో చుట్టి ఉంది."

బ్యాటరీ. కొత్తది. చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

"ఇది మేమంతా కలిసి ఆయన పుట్టినరోజుకి ఇచ్చాం. ఏనాటి మాటో. ఇంకో బ్యాటరీ ఉంటే పాపం కూర్చునే బాధ తప్పుతుందని. ఆయన పాతకాలపు ప్లగ్గు నేనే అతికించాను, ఇదిగో. పై శనివారం వచ్చి, బస్సులో పోగొట్టుకున్నానన్నాడు. నేను తిట్టాను కూడా." చమోరో దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మేం వేసిన ముడి కూడా విప్పలేదు. ఇది పొద్దున్నే మీకిచ్చి ఉంటే ఫైనల్ పరిగెత్తేవాడు కదా. ఈయనకేమైనా మతిపోయిందా? ఎందుకు దాచుకున్నట్టు?"

బాసిలియా గుడ్డ కింద పెట్టింది. చేతులు తుడుచుకుని, బ్యాటరీ అందుకుంది.

రెండో బ్యాటరీ ఉన్నవాడు మొదటిది చల్లారేదాకా కూర్చోనక్కర్లేదు. ఆ రెండోది తగిలించుకుని వెళ్ళిపోవచ్చు. ఇన్ని శనివారాలు ఆయన్ని చూసి ఆమె జాలిపడింది. ఇంకోటి కొనుక్కోలేడు పాపం అనుకుని, మెల్లగా, బుద్ధిగా చల్లార్చి ఇచ్చింది. ఈరోజు ఇసుకలో బ్యాటరీ కాలిపోయినప్పుడు కూడా పెట్టె ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. కొత్త బ్యాటరీలో సగం చార్జింగ్ ఉండనే ఉంటుంది, వంగి తీస్తే అయిపోయేది. వంగలేదు. వచ్చి కూర్చోమన్నాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు తరగడం పొద్దున్నే అయిపోయింది కాబట్టి చెప్పుకోవడానికి సాకు కూడా లేదు. చమోరో కంగారుపడి, నేనేమైనా తప్పుగా అన్నానా అన్నాడు.

"లేదు నాయనా. మర్చిపోయి ఉంటాడు," అంది. "పెద్దవాళ్ళు కదా."

"మరి దీన్ని ఏం చెయ్యమంటారు?"

"ఇక్కడ ఉండనీ."

చమోరో వెళ్ళాడు. వాన ఆగింది. ఆమె ఫ్యాన్ ఆపి, తలుపు దగ్గరగా వేసి, బెంచీ మీద ఒక్కతే కాసేపు కూర్చుంది. బల్ల మీద చార్జర్ల దీపాలన్నీ ఆరిపోయాయి. నాలుగో టైల్ ముక్క మీద, రంగు వెలిసిన ఎర్ర రిబ్బను ముడితో, ఎన్నడూ వేడెక్కని ఆ బ్యాటరీ ఉంది.